మూటగుడ్డ కింద ఎర్రపేరు

సభకు అధ్యక్షత వహించడానికి ఇంత గాలిలోనూ సముద్రం దాటి వచ్చిన మండల సంఘాల పెద్ద నామ్‌గుంగ్ గారికి, మా హ్వాంగ్‌బో పాస్టరుగారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడిన, వేరే దేశం నుంచి వచ్చి మన పడవల్లో పనిచేస్తున్న సంగీర్ దీవుల తమ్ముళ్లకు, వంటగది తలుపు సందులోంచి వింటున్న అక్కచెల్లెళ్లకు, అందరికీ నమస్కారాలు.

ముందుగా నన్ను క్షమించాలి. నేను చెప్పదలచుకున్న నాలుగు ముక్కలూ ఈ కాగితం మీద రాసుకొచ్చాను. నా దస్తూరీ ఎలాంటిదో మా పాస్టరుగారికి తెలుసు. ఒకసారి ప్రార్థన విన్నపాల పెట్టెలో నేను వేసిన చీటీ చదివి, మా ఆవిడ నడుము బాగుపడాలని కాకుండా మా పడవ నడుము బాగుపడాలని సంఘమంతటి చేతా ప్రార్థన చేయించారు. పడవ చక్కగా ఉంది. ఆవిడకే ఇంకా నొప్పి తగ్గలేదు. (నవ్వులు) నాది ఊరి బడి చదువు, అదీ సముద్రపు నాచు పెంచే పనులు లేని రోజుల్లో. అక్షరదోషాలుంటాయి. ఈ కాగితాన్ని వచ్చే ఆదివారం సంఘపత్రికలో వేస్తామన్నారు. వేసేవాళ్లు తప్పులు దిద్దుకోండి, మాటలు మాత్రం మార్చకండి.

మన సంఘాల్లో డెబ్బై నిండిన సంఘపెద్ద పదవి దిగిపోవాలి. అది మంచి పద్ధతే. ఈ పూలగుత్తి నా గుండె మీద గుచ్చేటప్పుడు డీకనమ్మ చెయ్యి జారి సూది కాస్త లోపలికి దిగింది, అదీ మంచిదే, మెలకువగా ఉన్నాను. ఈ గాజు పలక మీద నా గురించి రాసిన మాటలు నాకు ఎక్కువే అయినా, పలక బరువు చూస్తే రేపెప్పుడైనా లంగరు తెగితే పనికొచ్చేలా ఉంది. (నవ్వులు) మీ అభిమానానికి తలవంచి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

సంఘపెద్దల సమావేశాల్లో ఇన్నేళ్లూ నేను మాట్లాడిన మాట ఒక్కటే అని మా ఆవిడ ఓక్సిమ్ నన్ను ఏడిపిస్తూ ఉంటుంది. ఆ మాట "సరేనండి." పైకప్పు వేద్దామన్నారు, సరేనండి అన్నాను. గంట మారుద్దామన్నారు, సరేనండి అన్నాను. ఇవాళ మాత్రం ఆ మాట నా నోట రావడం లేదు.

నన్ను ఒక రెండు నిమిషాలు మాట్లాడి కూర్చోమన్నారు. నామ్‌గుంగ్ గారూ, మీరు గడియారం చూసుకున్నారు, నేను గమనించాను, మీ తప్పేమీ లేదు. ఈ సన్మానం అవగానే, భోజనాలకు ముందు, మన సంఘమంతా కూర్చుని ఒక నిర్ణయం మీద ఎవరి పేరు ముద్ర వాళ్లు వెయ్యాలి. సంగీర్ దీవుల సంఘంతో మనకున్న భాగస్వామ్యాన్ని ఇక్కడితో ముగించాలా, కొనసాగించాలా అన్నదే ఆ నిర్ణయం. ముగిస్తే పెద్దవాళ్లు చదువుకునే మన వెనకగది బడి మూతపడుతుంది. అక్కడ చదువు చెప్పడానికి సంగీర్ సంఘం పంపిన యూలిన్ టీచరమ్మ ఈ దేశంలో ఉంటున్నది మన సంఘం ఇచ్చిన మాట మీద కాబట్టి, ఈ నెల దాటకుండా ఆమె తన దీవికి వెళ్లిపోవాలి. కొనసాగిస్తే ఆ కాగితాన్ని నామ్‌గుంగ్ గారు ఇవాళ పడవలోనే పట్నం తీసుకెళ్లి ఇవ్వాలి, ఎందుకంటే రేపటితో వీసాల కార్యాలయంలో గడువు తీరిపోతుంది.

(తలుపు దగ్గర నుంచి పడవ సరంగు: "పెద్దాయనా, గాలి తిరిగింది. ఇంకాసేపట్లో పడవ తీసేస్తా. ఆ తర్వాత నన్నేమీ అనొద్దు!")

విన్నారు కదా. నేను ఆపకుండా చెప్పేస్తాను, మధ్యలో తడబడితే నా రాతే కారణమనుకోండి.

నా వెనక గోడకి కట్టిన బ్యానరు మీరంతా వచ్చినప్పటి నుంచీ చూస్తున్నారు. "సంఘపెద్ద" అని నల్లగా ఉంది. "గారి పదవీ విరమణ సందర్భంగా" అని నల్లగా ఉంది. "దేవునికి స్తోత్రం" అని కూడా నల్లగానే ఉంది. మధ్యలో నా పేరు ఉండాల్సిన చోట ఒక గులాబీరంగు మూటగుడ్డ పిన్నులతో గుచ్చి ఉంది. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరూ దాన్ని చూశారు, చూసి వెంటనే నేల చూశారు. నామ్‌గుంగ్ గారొక్కరే నా చేతికి పూలిస్తూ, "ఆ గుడ్డ అలంకారం బాగుందండీ, మీ ఊరి ఆచారమా?" అన్నారు. (నవ్వులు, వెంటనే ఆగిపోయాయి)

అది అలంకారం కాదండి. ఆ గుడ్డ ఎవరిదో నాకు తెలుసు. వండిన ప్రతిసారీ ఇంట్లో గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం ఆదివారం మందిరానికి మూటగట్టి తెచ్చే గుడ్డ అది. దాని ముడి చూసి ఎవరి బియ్యమో చెప్పగలను, ఆ బియ్యపు పెట్టె మోసినవాణ్ని నేను.

(వెనక వరసలోంచి జొమ్రే అమ్మ: "తెలిస్తే తెలిసింది, నోరు మూసుకుని కూర్చో మరిదీ! పండగ పూట ఏంటా మాటలు!")

కూర్చుంటాను వదినా. ఇవాళ్టితో ఎలాగూ కూర్చోబెట్టేస్తున్నారు. ఇంకాస్త నిలబడనియ్యి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. ఈ జొమ్రే వదిన మా దొక్సూ కెప్టెన్ భార్య. దొక్సూ అన్న నాకు తోడబుట్టినవాడు కాకపోయినా అంతకంటే ఎక్కువ. నేను నాచు తోటలో పడవ నడపడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, తిట్లు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, సంఘపెద్దనయ్యాక తిట్లు మాత్రం మానేశాను. (నవ్వులు)

మన పడవల్లో పనిచేయడానికి సంగీర్ తమ్ముళ్లు వచ్చిన కొత్తల్లో వాళ్ల ఊరి సంఘానికి మనం ఏవేవో పంపేవాళ్లం. వలలు పంపాం, తాళ్లు పంపాం, బాగుచేయించిన ఇంజను ఒకటి పంపాం. పంపినప్పుడల్లా మన పాత పాస్టరుగారు పెట్టె పక్కన మనందరినీ నిలబెట్టి ఫోటో తీయించేవారు. ఒకసారి అక్కడి పాస్టరమ్మ కబురు పెట్టింది, మీరు మాకు ఇన్ని పంపారు, మేము మీకేం పంపమంటారు అని. మనం నవ్వుకున్నాం. మనకేం తక్కువ అనుకున్నాం. అప్పుడు వంటగదిలో కిమ్చి పచ్చడి కోసం క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తున్న మనిషొకరు తల ఎత్తకుండానే అంది, "టీచర్ని పంపమనండి. నాకు అక్షరం ముక్క రాదు. ఇక్కడ చెప్పేవాళ్లెవరూ లేరు, ఉన్నవాళ్లని అడగాలంటే నాకు సిగ్గు."

ఆ మాటన్నది ఎవరో కాదు, జొమ్రే వదినే. భాగస్వామ్యం అని కాగితాల మీద రాసుకున్న మాట మనిషి రూపంలో మన రేవులో దిగిందంటే, అది ఆ ఒక్క మాటతోనే.

(జొమ్రే అమ్మ: "నేనన్నది టీచర్ని పంపమని. మిగతాది కాదు.")

అవును వదినా. ఆ మిగతాది చెప్పడానికే నిలబడ్డాను.

యూలిన్ టీచరమ్మ మన లిపి చిన్నప్పుడు నేర్చుకోలేదు. ఇదివరకు ఈ దేశంలోనే పట్నంలో ఫ్యాక్టరీలో పనిచేస్తూ పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకుంది. అందుకే పెద్దవాళ్లకు ఎక్కడ నాలుక తిరగదో, ఎక్కడ సిగ్గేస్తుందో ఆమెకు తెలిసేది. వెనకగది పొయ్యిని బయటి నుంచి రాజేసే పని నాది, కాబట్టి లోపలికి వెళ్లకుండానే వరండాలో కూర్చుని అన్నీ విన్నాను. ఒకే బల్ల మీద ఒక అమ్మమ్మ, ఒక సంగీర్ తమ్ముడు, మళ్లీ ఒక అమ్మమ్మ. తమ్ముళ్లు మన మాట నేర్చుకోవడానికి, అమ్మమ్మలు మన రాత నేర్చుకోవడానికి. అడుగో, ఆ గోడ దగ్గర ఉన్న రూడి అప్పట్లో ఒక అమ్మమ్మని, "నీ వయసెంత?" అని పసిపిల్లని అడిగినట్టు అడిగాడు. ఆవిడ, "మాట నాకొచ్చు, రాత రాదు, నీకు రాత వచ్చు, మర్యాద రాదు, ఇద్దరం కలిస్తే ఒక మనిషిమవుతాం, జరుగు" అంది. (పెద్దగా నవ్వులు) రూడీ, తల దించుకోకు, ఇప్పుడు నీ మర్యాద నాకంటే బాగుంది.

శనివారం శనివారం ఫోను బల్ల మీద నిలబెట్టేవాళ్లు. అవతల సంగీర్‌లో కూడా అలాంటి బడే, అలాంటి అమ్మమ్మలే. వీళ్లొక వాక్యం చదివితే వాళ్లొక వాక్యం. ఒకరి భాష ఒకరికి తెలియదు, అయినా ఎవరు తడబడ్డారో రెండు వైపులా తెలిసిపోయేది, రెండు వైపులా ఒకేసారి నవ్వేవాళ్లు.

ఇక దొక్సూ అన్న సంగతి. ఆయనకీ చదువు రాదు, ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. కాగితం ఏదిచ్చినా, "కళ్లద్దాలు పడవలో మర్చిపోయా" అనేవాడు. పడవలో వెతికితే అక్కడా కళ్లద్దాలు లేవు, అసలాయనకి కళ్లద్దాలే లేవు. (నవ్వులు) వదిన బడికెళ్లడం మొదలెట్టాక ఇద్దరూ పట్నంలో బస్సెక్కారు, నేనూ వెనక సీట్లో ఉన్నాను. వదిన కిటికీలోంచి కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదువుతోంది. మందుల షాపు. చేపల సంత. పళ్ల డాక్టరు.

"ఏయ్, నెమ్మదిగా చదువుకో, అందరూ చూస్తున్నారు" అన్నాడు దొక్సూ అన్న.

"చూడనీ. నేను చదువుతున్నది బోర్డే కదా, నీ మొహం కాదుగా."

"ఆ పచ్చ బోర్డు మీదేముంది?"

"నువ్వే చదువుకో. నీకు కళ్లద్దాలు అక్కర్లేనంత పెద్ద అక్షరాలు."

ఆ సాయంత్రమే ఆయన సుత్తి పట్టుకుని వెనకగదికి వచ్చాడు, తలుపు బందు వదులైంది, బాగుచేస్తాననే వంకతో. ఆ బందు బాగుచేయడం ఆ చలికాలంలో సగం దాకా సాగింది. (నవ్వులు) చివరికి ఒకరోజు అందరి ముందూ నిలబడి ఒక కీర్తన మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా చదివాడు. అంతకుముందు ఎవరూ అంత దూరం చదవలేదు. వదిన కళ్లు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను. నేనేం చూళ్లేదనుకో వదినా.

యూలిన్ టీచరమ్మ సంతోషం పట్టలేక, బాగా చదివినవాళ్ల పేర్లు రాసి గోడ మీద అంటించే కాగితపు చేపల్లో అన్నిటికంటే పెద్దది కత్తిరించి, దాని మీద ఆయన పేరు ఎర్రటి రంగుతో రాసి, అందరికంటే పైన అంటించింది.

గదిలో మాట ఆగిపోయింది. ఒకావిడ దగ్గింది. ఒకావిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. దొక్సూ అన్న మాత్రం నవ్వాడు.

ఆ చలికాలం వెళ్లేలోగా ఆయన పోయాడు. సముద్రంలో కాదు, ఇంట్లో, అన్నం తింటూ, గిన్నె ఇంకా వెచ్చగా ఉండగా. ఆయన శవపేటికను మోసింది ఈ గోడ దగ్గరున్న తమ్ముళ్లే. ఆ తరవాత వదిన బడికి రాలేదు. ఆమె రాకపోయేసరికి ఒక్కొక్కరే మానేశారు. టీచరమ్మ ఇంటింటికీ వెళ్లి, "అమ్మమ్మా, ఎందుకు రావట్లేదు?" అని అడిగింది. ఒకరు మోకాళ్లన్నారు. ఒకరు నాచు ఆరబెట్టే పనన్నారు. ఒకరు చుట్టాలొచ్చారన్నారు, ఆ ఇంట్లో చుట్టాలెవరూ లేరు. ప్రతి ఇంట్లోనూ ఆమెకు కాఫీ ఇచ్చారు, పళ్లు కోసిపెట్టారు, గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఏ ఇంట్లోనూ అసలు సంగతి చెప్పలేదు. మన మర్యాద అలాంటిది. ఇప్పుడు ఈ నిర్ణయం కాగితం మీద కూడా ఏం రాశాం? "హాజరు తగ్గినందున" అని రాశాం. హాజరు ఎందుకు తగ్గిందో తెలియని మనిషి మన సంఘంలో ఒక్కరే.

యూలిన్ టీచరమ్మా, నువ్వు నా కూతురి వయసుదానివి. కోపం తెచ్చుకోకుండా విను. మా దగ్గర బతికున్న మనిషి పేరు ఎర్ర రంగుతో రాయరు. పోయినవాళ్ల పేరే అలా రాస్తారని మా భయం. ఈ మాట నీకు ఎవరూ చెప్పలేదు. తెలియకే నువ్వు ఇవాళ మళ్లీ, నా మీద ప్రేమతో, ఈ బ్యానరు మీద నా పేరు ఎర్రగా రాశావు. ఆ గుడ్డ కింద ఉన్నది అదే.

(కలకలం. యూలిన్ లేచి నిలబడింది. "నాకు తెలియదండీ… మా దీవిలో పండగ గుడ్డ ఎర్రగానే ఉంటుంది… కెప్టెన్ గారిది పండగ అనుకున్నాను… ఇది చింపేస్తాను, ఇప్పుడే చింపేస్తాను" అంటూ వేదిక వైపు వచ్చింది.)

ఆగు తల్లీ. చింపకు. అది నాకిచ్చిన కానుక, నా మాట వినకుండా ఎవరూ ముట్టుకోకూడదు. రూడీ, అక్కని కూర్చోబెట్టు. మంచినీళ్లివ్వండి ఎవరైనా.

పాస్టరుగారూ, మీరు లేవకండి. నేను సభ పాడుచేస్తున్నానని నాకు తెలుసు. ఓక్సిమ్, నువ్వూ నన్నలా చూడకు, ఇంటికెళ్లాక తిట్టు.

పెద్దలందరినీ ఒకటి అడుగుతాను. ఇవాళ ముద్రలు వెయ్యాలని పాస్టరుగారు చెప్పారు కాబట్టి మీ అందరి సంచుల్లోనూ పేరు ముద్రలున్నాయి. ఆ ముద్ర ఏ రంగు సిరాలో అద్దుతారు? ఎరుపులోనే. పడవ కొన్నా ఎరుపే, పెళ్లి రాయించినా ఎరుపే. మన పేర్లు మనమే జీవితమంతా ఎర్రగా అచ్చేసుకుంటూ వచ్చాం, ఎవరికీ ఏమీ కాలేదు.

(జొమ్రే అమ్మ, లేచి: "ముద్ర వేరు, రాత వేరు! అంత తెలియనివాడివా నువ్వు? ముద్ర మనం వేసుకునేది. రాత ఒకళ్లు మన మీద రాసేది. నీ ఇంట్లో మనిషి పోయుంటే తెలిసేది!")

నిజమే వదినా. వేరే. ఈ మాట రాసుకున్నప్పుడు గొప్పగా ఉందనుకున్నాను, ఇప్పుడు నువ్వంటుంటే నాకూ వేరేలాగే అనిపిస్తోంది. నేను వాదించలేను. ఆ గుడ్డ నువ్వు నా మీద కోపంతో కప్పలేదని కూడా నాకు తెలుసు. ఇంకొకడు పోకూడదని కప్పావు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, నీ బియ్యపు గుడ్డ విప్పి, నా పేరు మీద కప్పావు. అందుకు నీకు దండం పెడుతున్నాను.

ఇప్పుడు ఆయన మాట ఒకటి చెబుతాను. ఇది నీకు తెలుసనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయనే చెప్పి ఉంటాడనుకున్నాను. మొన్న శనివారం మా ఓక్సిమ్ నీతో నాచు ఏరుతూ మాటల్లో విని వచ్చి చెబితే, నీకు తెలియదని నాకు తెలిసింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఆ చేప గోడెక్కిన సాయంత్రం నేనూ దొక్సూ అన్నా రేవు దాకా కలిసి నడిచాం. నా మనసు మనసులో లేదు. ఆయన ఈలవేస్తున్నాడు.

"అన్నా, ఆ పేరు తీయించేస్తాను. ఆ పిల్లకి తెలియక రాసింది" అన్నాను.

"ఏరా, వల వేసినప్పుడు నీళ్ల మీద తేలే బుంగకి ఎర్రజెండా ఎందుకు కడతాం?"

"ఎందుకేంటి, దూరం నుంచి కనబడాలని."

"మరి నా పేరు దూరం నుంచి కనబడక్కర్లేదా? ఇన్నేళ్లకి నా పేరు నేను చదువుకున్నానురా. అంత పైన, అంత ఎర్రగా ఉండబట్టే కదా, గుమ్మంలోంచే చదివాను. కళ్లద్దాల్లేకుండా." అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. "ఉండనీ. చెయ్యి వెయ్యకు దాని మీద."

"వదిన ఊరుకోదన్నా."

"దానికి నువ్వు చెప్పకు. భయపడుద్ది. నేనే మెల్లగా చెప్తాలే."

చెప్పే తీరిక ఆయనకి దొరకలేదన్నమాట.

(జొమ్రే అమ్మ: "ఏమన్నాడు? ఇంకోసారి చెప్పు.")

ఉండనీ అన్నాడు వదినా. చెయ్యి వెయ్యొద్దన్నాడు.

(జొమ్రే అమ్మ: "అది కాదు. నా గురించి ఏమన్నాడు?")

భయపడుద్ది అన్నాడు.

(జొమ్రే అమ్మ: "నేనా! నేనా భయపడేది! ఆ తుఫాను రాత్రి ఇంజను ఆగిపోతే లంగరు లాగింది ఎవరు? ఆయనా? పడవలో మూల కూర్చుని ప్రార్థన చేశాడు, లాగింది నేను! పోతూ పోతూ నా మీద ఇంత మాట అనిపోయాడా!" హాలంతా నవ్వులు. ఆమె నవ్వలేదు. కుర్చీల మధ్య నుంచి వేదిక మీదికి వచ్చింది.)

(జొమ్రే అమ్మ, పిన్నులు తీస్తూ: "నా గుడ్డ నాకియ్యి. వంటగదిలో పిండివంటలు ఆరిపోతున్నాయి, కప్పడానికి గుడ్డ లేదు. నువ్వలా చూడకు మరిదీ. గుడ్డ నాది కాబట్టి తీసుకుంటున్నా. ముద్ర సంగతి నేనింకా ఏమీ చెప్పలేదు." తరవాత యూలిన్ వైపు తిరిగి: "నువ్వు ఏడుపు ఆపు. ముక్కు తుడుచుకో. ఎవరూ చెప్పకపోతే నీకెలా తెలుసుద్ది." గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.)

ఇప్పుడు కనబడుతోంది. ప్యో సాంగ్‌బే, నా పేరే. బాగా రాసింది, నా దస్తూరీ కంటే ఎంతో బాగుంది. వెనక గోడ దగ్గర ఉన్న తమ్ముళ్లకు కూడా కనబడుతోంది కదా? కనబడుతోందంటున్నారు. నేను రేపో మాపో పోతే నా వయసుని అడగండి, మానేసిన సిగరెట్లని అడగండి, ఈ పిల్లని మాత్రం అడగకండి. సంఘపత్రికలో ఈ మాట తప్పకుండా వెయ్యండి. (నవ్వులు)

నామ్‌గుంగ్ గారూ, ముద్రలు ఆ కాగితం మీద వెయ్యమన్నారు. వేస్తాం. దానికి ముందు నాదొక కోరిక, దిగిపోతున్నవాడి కోరిక కాబట్టి కాదనకండి. ఈ బడి ఉండాలనీ, సంగీర్ సంఘం మన సంఘంగా ఉండాలనీ, ఈ టీచరమ్మ ఇక్కడే ఉండాలనీ అనుకునేవాళ్లు ముందు ఈ బ్యానరు మీద, నా పేరు చుట్టూ ముద్ర వెయ్యండి. ఎవరి పేరు వాళ్లు, ఎవరి చేత్తో వాళ్లు. వదిన చెప్పింది కదా, ముద్ర మనం వేసుకునేదని. వద్దనుకునేవాళ్లు వెయ్యకండి. కానీ మోకాళ్లనీ, నాచు పనులనీ చెప్పకండి. వద్దనేది ఆ పిల్ల మొహం చూసి వద్దనండి.

నాది మొదట వేస్తున్నాను. (వేశారు) ఇప్పుడు నా పేరు రెండుసార్లు ఎర్రగా ఉంది. ఇంకా నిలబడే ఉన్నాను. (నవ్వులు, చప్పట్లు)

నా పేరుకి కుడివైపు అరచెయ్యంత చోటు వదిలాను. అక్కడ ఎవరూ వెయ్యకండి. దొక్సూ అన్న ముద్ర ఎవరి నడుం సంచిలో ఉందో నాకు తెలుసు. ఆయన పేరు ఎర్రగా ఉండటానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు. వేస్తారో లేదో నేను అడగను. చోటు ఉందని చెబుతున్నాను, అంతే.

సభాధ్యక్షులు నామ్‌గుంగ్ గారికి, మా పాస్టరుగారికి, వంటలు చల్లారిపోతున్నా ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. జీవితంలో ఇంతసేపు మాట్లాడలేదు, ఇక మాట్లాడను. పడవ కూత వేస్తోంది, సరంగు మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. ముద్రలు అద్దే సిరా బిళ్ల మూత తీసి బల్ల మీద పెట్టాను, ఆరిపోకముందే జవాబు చెప్పండి. త్వరగా చెప్పండి.

సెలవు.